కాగితం మీద లేని టీమ్ – నా అనుభవం

2024 జూన్‌లో, మా దగ్గర ఫుట్‌బాల్ ఆడి వెళ్లిన పిల్లోడు ఒకడు వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుతో మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. వాట్సాప్‌లో ఆ ఫొటో రాగానే కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజమే, కానీ ఆ రాత్రి పడుకునే ముందు నేను చేసిన పని మాత్రం మనకేమైనా డబ్బులొస్తాయా అని ఫోన్‌లో వెతకడం. సిగ్గేమీ లేదు. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో వాడు నాలుగేళ్లు ఆడాడు. కనగల్ వైపు నుంచి బస్సులో వచ్చేవాడు, ఆఖరి బస్సు పోతే మా ఇంట్లోనే పడుకునేవాడు, వాడి మొదటి రెండు జతల బూట్లు నా జీతంలోంచే కొన్నాను. నేను ప్రైవేటు స్కూల్లో పీఈటీని. జీతమెంతో అడక్కండి.

ఒక ప్లేయర్ అమ్ముడుపోతే వాణ్ని చిన్నప్పుడు తయారుచేసిన క్లబ్బులకు వాటా ఇవ్వాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2001లోనే రూల్ పెట్టింది. కొనే క్లబ్బు పాత క్లబ్బుకు కట్టే ట్రాన్స్‌ఫర్ ఫీజులో 5 శాతం పక్కన తీస్తారు. పన్నెండో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా ఏడాదికి పావు శాతం, పదహారు నుంచి ఇరవై మూడు దాకా ఏడాదికి అర శాతం. అంటే కోటి రూపాయలకు వేరే దేశం క్లబ్బుకు పోయిన ప్లేయర్‌కు పన్నెండు నుంచి పదిహేను దాకా మేం ఆట నేర్పి ఉంటే ఏడాదికి 25 వేల చొప్పున నాలుగేళ్లకు లక్ష వస్తుంది. లక్షతో మాకు మూడేళ్లు బంతులు, నెట్లు, కోన్లు అన్నీ గడుస్తాయి. ఆ లెక్క వేసుకుని నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున హైదరాబాద్‌లో లా చదివే మా పాత స్టూడెంట్‌కు ఫోన్ చేస్తే గాలి మొత్తం తీసేశాడు.

"సార్, జర ఆగుండ్రి. ఇది వాడి మొదటి కాంట్రాక్టు, ఎవ్వరి దగ్గర కొనలేదు. ట్రాన్స్‌ఫర్ ఫీజే లేదు, ఇగ దాంట్ల వాటా ఏడికెల్లి వస్తది?"

మొదటి కాంట్రాక్టుకు ట్రైనింగ్ కాంపెన్సేషన్, అంటే ఆట నేర్పినందుకు పరిహారం, అని వేరే పద్దు ఉందట. దేశం దాటి సంతకం పెడితే అది ఫిఫా రూల్ కిందికి వస్తుంది, దేశం లోపలైతే మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ పెట్టుకున్న రూల్ కిందికి. సరే, ఏదో ఒక రూల్ కింద అడుగుదాం అన్నాను. అప్పుడడిగాడు అసలు ప్రశ్న. "వాడి ప్లేయర్ పాస్‌పోర్ట్‌ల మన పేరు ఉన్నదా సార్?"

నేను విమానం పాస్‌పోర్ట్ అనుకున్నాను. ఇది అది కాదు. ప్లేయర్ ఏ వయసులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ క్లబ్బులో రిజిస్టర్ అయి ఉన్నాడో వరసగా రాసిన చిట్టా. 2022 నవంబర్ నుంచి ఈ డబ్బుల కోసమే ఫిఫా పారిస్‌లో ఒక క్లియరింగ్ హౌస్ నడుపుతోంది. అంతకుముందు చిన్న క్లబ్బులు వాళ్ల వాటా కోసం వాళ్లే వెంటపడాల్సి వచ్చేది, అసలు వాటా ఉందని తెలియని క్లబ్బులే ఎక్కువ. ఇప్పుడు ఆ చిట్టాను బట్టి కంప్యూటరే లెక్క తీస్తుంది. చిట్టాలో ఉంటేనే.

మా పిల్లోడి చిట్టా పదహారో ఏటి నుంచి మొదలైంది. అంతకుముందంతా ఖాళీ. నాలుగేళ్లు వాడు పుట్టనే లేదన్నట్టు ఉంది.

తప్పు ఎవరి మీదో తోసేయను, నాదే. 2022 ఆగస్టులో ఒకసారి టీమ్‌ను రిజిస్టర్ చేద్దామని కూర్చున్నా. సరిగ్గా అప్పుడే ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. ఫెడరేషన్ అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ గడువు 2020 డిసెంబర్‌లోనే ముగిసినా ఎన్నికలు జరగక కొనసాగుతుంటే, 2022 మేలో సుప్రీంకోర్టు ఆయన్ని దించి ముగ్గురితో కమిటీ వేసింది. బయటివాళ్ల జోక్యం కుదరదని ఆగస్టు 15న ఫిఫా వేటు వేసింది. గోకులం కేరళ క్లబ్బు అమ్మాయిలు అప్పటికే ఆసియా టోర్నీ కోసం తాష్కెంట్‌లో దిగి ఉన్నారు, ఆడకుండానే తిరిగొచ్చారు. మా జిల్లాలో మాత్రం ఎవరికీ పట్టలేదు, అందరూ మునుగోడు ఉప ఎన్నిక గోలలో ఉన్నారు. గ్రౌండ్‌లో మాత్రం ఒక చిన్నోడు వచ్చి "సార్, ఇగ మనం ఆడొద్దా?" అని అడిగాడు. ఆడొచ్చు పో అన్నాను. దేశమే లేనప్పుడు మన రిజిస్ట్రేషన్ ఎందుకులే అని ఫైలు మూసేశా. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు, అంటే పదకొండు రోజులు. నా బద్ధకం రెండేళ్లు నడిచింది.

సరే, ఆ పిల్లోడి సంగతి అయిపోయింది, మిగిలిన 31 మందినైనా కాగితం మీదికి ఎక్కిద్దామని 2024 జూలైలో మొదలుపెట్టాను.

మొదట సొసైటీ. తెలంగాణలో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. నేను, ఇంకో పీఈటీ, ముగ్గురు పిల్లల నాన్నలు, రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఒకాయన, గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపాయన. జిరాక్స్ షాపాయనకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు, కానీ మాకు అడ్రస్ ప్రూఫ్ కావాలి, ఆయనకు కరెంటు బిల్లు ఉంది. మేం అనుకున్న పేరు అప్పటికే ఇంకెవరో పెట్టుకున్నారట, ముందు ఊరి పేరు తగిలించి గండం గడిపాం.

బైలాస్, అంటే సొసైటీ రూల్స్, రాసుకునే రోజు మాత్రం భలే సరదాగా గడిచింది. అధ్యక్షుడు ఎన్నిసార్లు ఉండొచ్చు అన్న దగ్గర హెడ్‌మాస్టర్ సార్ రెండుసార్లే అని పట్టుబట్టారు. మరి మధ్యలో ఎవరైనా దిగిపోతే, మిగిలిన కాలానికి వచ్చినోడిది ఒకసారి కింద లెక్కనా కాదా అని జిరాక్స్ షాపాయన అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, ఎందుకంటే ప్రపంచ ఫుట్‌బాల్‌లో సరిగ్గా ఇదే పంచాయితీ. 2015లో జూరిచ్ హోటల్లో ఫిఫా పెద్దల అరెస్టులు, అప్పటి అధ్యక్షుడు బ్లాటర్ దిగిపోవడం, 2016లో కొత్త రూల్: అధ్యక్షుడికి నాలుగేళ్ల చొప్పున మూడుసార్లు, మొత్తం పన్నెండేళ్లు, అంతే. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇన్‌ఫాంటినో ఫిఫా అధ్యక్షుడిగా గెలిచాడు. తర్వాత 2022 డిసెంబర్‌లో ఫిఫా కౌన్సిల్ ఏం తేల్చిందంటే, బ్లాటర్ వదిలేసిన కాలాన్ని పూర్తిచేసిన ఆ మొదటి 39 నెలలు పూర్తి టర్మ్ కాదట, లెక్కకు రాదట. అంటే గెలుస్తూ పోతే 2031 దాకా ఉండొచ్చు. 2023 మార్చిలో కిగాలీలో పోటీ లేకుండానే మళ్లీ ఎన్నికయ్యాడు.

ఇదంతా చెబితే జిరాక్స్ షాపాయన తాపీగా అన్నాడు, "గందుకే ముందే రాసుకోవాలె సార్. మా ఊర్ల ఉప ఎన్నికల గెలిచిన సర్పంచ్ గూడ గట్లనే అన్నడు." మధ్యలో వచ్చినా ఒకసారి కిందే లెక్క అని మా బైలాస్‌లో రాశాం. ఈ విషయంలో ఫిఫా కంటే మా నల్లగొండ సొసైటీయే నయం. మా అకౌంట్లో అప్పటికి 2,300 రూపాయలున్నాయి కాబట్టి కుర్చీ కోసం ఎవరూ కొట్టుకోరనుకోండి.

హెడ్‌మాస్టర్ సార్‌కు ఒక డౌటు మిగిలిపోయింది. పోటీ ఎందుకు ఉండదు? నాకు తెలిసినంత చెప్పాను. ఫిఫాలో 211 సభ్య దేశాలు, ఒక్కో దేశానికి ఒక్కో ఓటు. 140 కోట్ల మనకూ ఒకటే, ఐదు వేల జనాభా కూడా నిండని కరీబియన్ దీవి మాంట్సెరాట్‌కూ ఒకటే. 2019 నుంచి 2022 దాకా నాలుగేళ్లలో ఫిఫాకు వచ్చిన ఆదాయం 750 కోట్ల డాలర్లకు పైనే. ఫార్వర్డ్ అనే పథకం కింద ఒక్కో దేశానికి 2023-26 మధ్య 80 లక్షల డాలర్ల దాకా ఇస్తారు, మన రూపాయల్లో 65 కోట్ల పైమాటే. మాంట్సెరాట్‌కు ఆ డబ్బు ఎంత, బ్రెజిల్‌కు ఎంత మీరే ఊహించుకోండి. ఇదంతా లంచమని నేను అనను, చిన్న దేశాల్లో గ్రౌండ్లు వచ్చాయి, లీగ్‌లు నడుస్తున్నాయి. కానీ పింఛన్ ఇచ్చే చెయ్యిని ఎవరు కాదంటారు? సార్ తలూపి, మినిట్స్ బుక్కులో సంతకం పెట్టారు.

సొసైటీకి, పాన్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు కలిపి నాలుగు నెలలు పట్టింది. తర్వాత జిల్లాలో అఫిలియేషన్. అది మామూలుగానే అయింది, చెప్పడానికేం లేదు.

అసలు యుద్ధం పిల్లల పుట్టిన తేదీల దగ్గర. ఫెడరేషన్‌కు సీఆర్ఎస్ అని ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంది. ప్రతి పిల్లవాడికీ ఫొటో, ఆధార్, బర్త్ సర్టిఫికెట్ ఎక్కించాలి. నేను ఒక ఆదివారం పని అనుకున్నా. 31 మందిలో 19 మందివే సరిగ్గా ఉన్నాయి. మిగతా పన్నెండింటికీ పన్నెండు కథలు. తొలి కాన్పు అమ్మమ్మగారింట్లో కదా, పిల్లలు ఒకచోట పుట్టి ఒకచోట పెరుగుతారు. ఒకడిది మిర్యాలగూడలో నమోదైంది, ఒకడిది దేవరకొండలో, ఒకమ్మాయిది గుంటూరు జిల్లాలో. ఇద్దరివి ఎక్కడా లేవు. ఒకడికి ఆధార్‌లో జనవరి 1, స్కూల్లో జూన్ 12, వాళ్లమ్మ చెప్పేది దీపావళి తెల్లారి. మా తరంలో సగం మంది జూన్‌లోనే పుట్టాం, బళ్లో వేసే రోజు పెద్దసారు ఏ తేదీ రాస్తే అదే పుట్టినరోజు. ఈ పిల్లలకూ అదే గతి పట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించడమంటే ముందు రికార్డులో లేదని సర్టిఫికెట్, తర్వాత నోటరీ అఫిడవిట్, స్కూల్ బోనఫైడ్, ఇద్దరు సాక్షులు, మీసేవలో దరఖాస్తు, విచారణ, చివర్లో పై అధికారి ఆర్డర్. ఒక ఆఫీసులో మా ఫైలు ఏడు వారాలు కదలలేదు. ఎందుకని అడిగితే అఫిడవిట్‌లో తండ్రి పేరులో ఒక పొల్లు తేడా ఉందన్నారు. ఆ తండ్రి హమాలీ, ప్రతి రాకకూ ఒక రోజు కూలి పోతుంది. మూడోసారి ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు, "సార్, ఎట్లాగు కొత్తగ రాస్తున్నరు గద, రెండేండ్లు తక్కువేసి రాయిస్తే చిన్న పిల్లలల్ల ఆడతడు గద? అందరు గట్లనే చేస్తరంట." కోపం రాలేదు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. కానీ పైస్థాయి యూత్ పోటీల్లో ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, దొరికితే వాడి ఆట అక్కడితో ఆగిపోతుంది అని చెప్పాను. కాసేపు తన చేతినే తిప్పి చూసుకుని, "బొక్క గూడ చెప్తదా" అన్నాడు.

తర్వాత పేర్లు. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఆధార్‌లో ఒకలా, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే లేకుండా, స్కూల్లో పొడి అక్షరంతో. మొదటి విడతలో ఎనిమిది రిజెక్ట్ అయ్యాయి. మూడు నిజంగా నా తప్పే, రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో ఎక్కించినవి. నాకొచ్చిన బుద్ధేమిటంటే ముందు ఆధార్, బర్త్ సర్టిఫికెట్ ఒకే స్పెల్లింగుకు తెచ్చాకే సీఆర్ఎస్ తెరవాలి. మీరెవరైనా ఈ పనిలో దిగితే అదొక్కటి గుర్తుపెట్టుకోండి, ముందే తెలిసుంటే నాకు మూడు నెలలు కలిసొచ్చేవి.

ఈ తిరుగుడులోనే 2025 జూలై వచ్చింది, కొత్త రూల్ కూడా వచ్చింది. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే అవతలి టీమ్‌కు కార్నర్. చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. ఇంతకుముందు ఆరు సెకన్ల రూల్ ఉండేది, ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇవ్వాలి, కానీ ఇచ్చిన రిఫరీని నేనైతే చూడలేదు. ఈ మార్పు చేసింది ఐఎఫ్‌ఏబీ, ఫుట్‌బాల్ ఆట రూల్స్ రాసే 1886 నాటి సంస్థ. నాలుగు బ్రిటిష్ సంఘాలకు తలా ఒక ఓటు, ఫిఫాకు నాలుగు, ఆరు పడితేనే రూల్ మారుతుంది. మార్చిలో బెల్‌ఫాస్ట్‌లో నిర్ణయించారు, జూలై మొదటి వారంలో మా గ్రౌండ్‌లో పిల్లలు గొంతులు చించుకుని "ఐదు, నాలుగు, మూడు" అంటున్నారు. నేను నేర్పలేదు, ఫోన్‌లో చూసి వాళ్లే నేర్చుకున్నారు. 2001లో రాసిన డబ్బు రూల్ మాత్రం నాకు తెలిసింది 2024లో.

2025 సెప్టెంబర్‌లో మొత్తానికి 28 మంది ఐడీలు వచ్చాయి. అదే నెల 19న ఫెడరేషన్ కొత్త రాజ్యాంగానికి సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. దాన్ని సిద్ధం చేసిన మాజీ జడ్జి లావు నాగేశ్వరరావు గారు తెలుగాయనే. నేను ఆ వార్త చదువుతూ ఉన్నాను, పక్కన జిరాక్స్ షాపాయన మా లిస్టు ప్రింట్ తీస్తూ ఉన్నాడు. అన్నీ కలిపి నా చేతిలోంచి 18,000 చిల్లర పోయింది, ఆయన జిరాక్సులకు తీసుకోలేదు కాబట్టి అంతే. ఆ లిస్టులో ఎవడు అమ్ముడుపోతాడో, అసలు ఎవడైనా పోతాడో లేదో. లిస్టును లామినేషన్ చేయించి మా బంతుల గది తలుపుకు అంటించాను. పిల్లలు వేలు పెట్టి ఎవరి నంబర్ వాళ్లు వెతుక్కున్నారు.

ముగ్గురివి ఇంకా రాలేదు. అందులో ఒకటి మా గోల్‌కీపర్ అమ్మాయిది, గుంటూరు జిల్లాలో పుట్టినామె. లిస్టు ముందు నిలబడి పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "నాదేది సార్?" అంది. పేరు కలవలేదమ్మా, సోమవారం మళ్లీ పోదాం, మీ అమ్మమ్మను కూడా రమ్మను అన్నాను. సరే అని గ్లవ్స్ వేసుకుని పోస్టుల మధ్యకు వెళ్లింది. బంతి చేతికి రాగానే మిగతావాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, రెండు దగ్గరికి వచ్చేసరికి విసిరేసింది.