తేదీ వేయని క్షమాభిక్ష

మార్గరెట్ లాక్లిసన్‌కి చదువు రాదు. 1685లో ఆమె పేరున స్కాట్లాండ్ రాజధాని ఎడింబరోలో రాజు పేరున పాలించే ప్రీవీ కౌన్సిల్‌కి వెళ్ళిన క్షమాభిక్ష అర్జీ అడుగున నోటరీ విలియం మోయిర్ లాటిన్‌లో ఆ సంగతే రాశాడు: ఈమెకి రాయడం రాదట, ఈమె చెప్పగా నేను సంతకం చేస్తున్నాను. మరణశిక్ష పడ్డ స్కాట్లాండ్ ఆడవాళ్ళ గొంతు అర్జీల్లో వినాలనుకునేవాళ్ళు ముందు ఈ చివరి వరస చదవాలి. పైన ఉన్నదంతా నోటరీ కలం.

ఆవిడ చేసిన నేరం ఒక ప్రమాణం చేయకపోవడం. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని కవెనంటర్లలో అతివాదులు 1684 చివర్లో, మమ్మల్ని వేటాడేవాళ్ళని మేమూ వదలం అని ఒక ప్రకటన అంటించారు. ఆ ప్రకటనతో నాకు సంబంధం లేదని ప్రమాణం చేయనివాళ్ళకి చావే అంది ప్రభుత్వం. ఆడవాళ్ళలో మరీ చురుగ్గా తిరిగినవాళ్ళనే విచారించండి, వాళ్ళని నీళ్ళలో ముంచండి అని 1685 జనవరిలో ఆదేశాలు వెళ్ళాయి. ఏప్రిల్ 13న విగ్‌టౌన్‌లో ఈ ముసలావిడకీ, పద్దెనిమిదేళ్ళ మార్గరెట్ విల్సన్‌కీ ఆ శిక్షే పడింది. విల్సన్ చెల్లెలు ఆగ్నెస్ చిన్నపిల్ల. ఆమెని మాత్రం తండ్రి వంద పౌండ్ల పూచీ మీద విడిపించుకున్నాడు.

అర్జీకి ఒక కట్టుబాటు ఉంది. ముందు ఏలినవారి బిరుదులు. తర్వాత అర్జీదారు ఎవరు, ఎక్కడ ఉంది: వయసు సుమారు డెబ్భై, విగ్‌టౌన్ టోల్‌బూత్‌లో, అంటే ఊరి జైల్లో, ఖైదీ. ఆపైన, నాకు పడ్డ శిక్ష న్యాయమైనదే అని ఒప్పుకోలు. తర్వాత, ఇప్పుడు ఆలోచించుకున్నాను, ఆ ప్రకటనని కాదంటాను, ప్రమాణం చేయించడానికి తమరు తగినవారిని నియమించండి, చేశాక విడుదల చేయించండి అని వేడుకోలు. చివర్లో హామీ: ఇకమీదట నమ్మకమైన ప్రజగా మెలుగుతాను, చర్చికి మానకుండా వెళ్తాను.

ఇందులో 'న్యాయమైనదే' అన్న మాట లేకపోతే అర్జీ నడవదు. తీర్పు తప్పని వాదిస్తే అది దయ అడగడం కాదు, రాజు న్యాయాన్ని నిలదీయడం. అందుకే, చూశారా, ఆవిడ మనసు మార్చుకుంది అని ఈ కాగితాన్ని సాక్ష్యంగా ఊపడం నాకు నచ్చదు. బతకాలంటే రాయించాల్సిన వాక్యం అది. నమ్మి చెప్పిందో లేదో ఆ వాక్యంలోంచి తీయలేం.

అర్జీ ఫలించింది కూడా. ఏప్రిల్ 30న కౌన్సిల్ ఇద్దరి శిక్షనీ ఆపింది. కౌన్సిల్ చిట్టా పుస్తకంలోకి ఎక్కిన ఆ ఉత్తర్వు ఎలా ఉందో చూడండి. ఏ తేదీ దాకా ఆపాలో ఆ చోట ఖాళీ. శిక్ష అమలు చేయొద్దని చెప్పింది ఎడింబరో మేజిస్ట్రేట్లకి, ఖైదీలున్నది విగ్‌టౌన్‌లో. పైగా అది వాయిదా మాత్రమే. అసలు క్షమాపణ రాజు ఇవ్వాలి, దానికోసం మంత్రులు రాజుతో మాట్లాడాలని సిఫార్సు. పదకొండు రోజులకి, మే 11న, బ్లాడ్నాక్ నది సముద్రంలో కలిసే చోట ఇద్దరినీ గుంజలకి కట్టారు. పోటు నీళ్ళు ముందు ముసలావిడనే తాకేలా ఆమె గుంజని లోపలికి పాతారు, చూసైనా చిన్నది లొంగుతుందని. ఆమె లొంగలేదు. పందొమ్మిదో శతాబ్దంలో మార్క్ నేపియర్ అనే న్యాయవాది ఈ ఉత్తర్వునే పట్టుకుని అసలు వాళ్ళని ముంచనే లేదని వాదించాడు. కిర్కిన్నర్, పెనింగమ్ చర్చిల 1711 నాటి చిట్టాలు ఆ వాదాన్ని నిలవనివ్వవు.

అర్జీ కాకుండా ఇంకో దారి కడుపు. గర్భిణికి శిక్ష కాన్పు దాకా ఆగేది. 1591లో మంత్రగత్తెల కేసులో బార్బరా నేపియర్ అలాగే ఆపించుకుంది, ఆనక విడుదలైంది. ఆమె పట్ల మెత్తగా ఉన్నారని జ్యూరీ మీదే ఆరో జేమ్స్ రాజు కేసు పెట్టించాడు. పలుకుబడి ఉన్నా ప్రాణం దక్కుతుందని లేదు. 1600లో భర్తని చంపించిన వారిస్టన్ దొరసాని జీన్ లివింగ్‌స్టన్‌కి బంధువుల బలం వల్ల దక్కింది, కాల్చడానికి బదులు మెయిడెన్ అనే యంత్రం కింద తల తెగడం. ఆమె దాదిని కాల్చేశారు.

బిడ్డల్ని చంపడం మీద వచ్చిన 1690 చట్టంతో లెక్క మారింది. కడుపు సంగతి చివరిదాకా దాచడం, కాన్పుకి ఎవర్నీ పిలవకపోవడం, బిడ్డ చచ్చిపోవడమో కనబడకపోవడమో. ఈ మూడూ కలిస్తే చంపినట్టు రుజువు అక్కర్లేదు, తల్లి హంతకే. ఒక్కరికైనా ముందే చెప్పినట్టు తేలితే కేసు వీగిపోయేది. 1738లో డంఫ్రీస్‌లో ఇసబెల్ వాకర్ కేసు ఇక్కడే ఇరుక్కుంది. నాకు చెప్పింది అని అక్క హెలెన్ ఒక్క మాట అంటే చాలు. అబద్ధపు ప్రమాణం చేయనంది హెలెన్. శిక్ష పడ్డాక లండన్‌కి కాలినడకన వెళ్ళి, ఆర్గైల్ డ్యూక్ ద్వారా క్షమాపణ తెచ్చిందని చెబుతారు.

అంత దూరం ఎందుకంటే, 1708లో ప్రీవీ కౌన్సిల్ రద్దయింది, దయ లండన్‌కి మారింది. ఎడింబరో నుంచే నాలుగు వందల మైళ్ళు. 1725 చట్టం గడువు పెట్టింది: ఫోర్త్ నదికి దక్షిణాన తీర్పు తర్వాత ముప్ఫై రోజులు, ఉత్తరాన నలభై రోజులు గడవకుండా ఉరి తీయకూడదు. అర్జీ వెళ్ళి జవాబు రావడానికి ఆ రోజులే.

పద్దెనిమిదో శతాబ్దం నడిచేకొద్దీ 1690 చట్టం కింద పట్టుబడ్డ ఆడవాళ్ళు తీర్పు దాకా ఆగడం మానేశారు. విచారణకి ముందే, నన్ను దేశం దాటించండి అని కోర్టుకి అర్జీ పెట్టుకునేవాళ్ళు. ప్రాసిక్యూటర్ సరేనంటే జ్యూరీ కూర్చునేదే కాదు. ఇంకా పడని శిక్ష కాబట్టి, అది న్యాయమైనదని ఒప్పుకోవాల్సిన పనీ లేకపోయింది.