తగ్గిస్తే పెరిగే వాల్యూమ్

మొన్న సెలవుకొచ్చినప్పుడు రాజోలులో బావగారి షాపుకెళ్తే, రామాలయం ఆంప్లిఫయర్ విప్పి పెట్టుకుని కూర్చున్నారు.

“రెండు వాల్యూమ్ కంట్రోళ్లు మార్చానోయ్. ఇక్కడ బానే ఉంటుంది, గుళ్లో అరగంట భజనయ్యాక నాబ్ ముట్టుకుంటే గరగర. మీ కువైట్‌లో ఇలాంటివి చూశావా?”

“ఆయ్, చూశానండి.”

అక్కడ నా పని కార్ ఆడియో. చేరిన కొత్తలో ఒకాయన వచ్చి, తగ్గిస్తుంటే వాల్యూమ్ పెరుగుతోందన్నాడు. నవ్వొచ్చింది. బావగారి దగ్గర నేను నేర్చుకున్న వాల్యూమ్ కంట్రోల్ అంటే లోపల కార్బన్ ట్రాకు, దాని మీద పాకే రేకు. దుమ్ము పడితే స్పిరిట్ చుక్కేసి ఇరవైసార్లు తిప్పడం, ట్రాకే అరిగిపోతే మార్చడం. అంతే.

కార్ సెట్టు నాబ్ ఎంత తిప్పినా ఆగదు, టిక్కుటిక్కుమని తిరుగుతూనే ఉంటుంది. ఎన్‌కోడర్ అంటారు. లోపల రెండు కాంటాక్టులు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. ఏది ముందు తగిలిందో చూసి పెంచాలో తగ్గించాలో చిప్ తేల్చుకుంటుంది. మురికి పట్టి ఒక్క పల్సు తప్పిందా, లెక్క తిరగబడుతుంది. విప్పి చూస్తే లోపలి గ్రీజు నల్లగా, తారు ముద్దలా ఉండేది. ఇయర్‌బడ్‌తో తుడిచి, దాని మూతని పట్టి ఉంచే చెవుల్లాంటి రేకు మడతల్ని మళ్లీ నొక్కేవాణ్ని.

అసలు తంటా ఏంటంటే, ఏసీలో బల్ల మీద పెడితే సెట్టు బుద్ధిగా పనిచేసేది! అందుకని కస్టమర్ కార్లోనే, ఏసీ ఆపి, ఆగస్టు ఎండలో కూర్చునేవాణ్ని. చొక్కా పిండితే చెంబెడు నీళ్లు. తప్పు కళ్లపడేదాకా దిగేవాణ్ని కాదు. మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఇది నచ్చదు. “కొత్త సెట్టు పెట్టెయ్, గంటకి నాలుగు కార్లు చూడాలి” అనేవాడు. అక్కడ జీతం ఇచ్చేది చేతులకే, కూర్చున్న టైముకి కాదు.

బావగారి ఆంప్లిఫయర్‌నీ అలాగే కూర్చోబెట్టాను. మూత బిగించి, అరగంట పాటలు పెట్టి, కంట్రోల్ కాలు మీద మీటరు పెడితే సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టుల డీసీ. డీసీని ఆపాల్సిన ముందున్న కండెన్సర్ వేడెక్కాక లీకవుతోంది. డీసీ ఎక్కితే కొత్త కంట్రోలైనా గరగరమంటుంది.

కండెన్సర్ మార్చాం. నాబ్ ఇటు చివర్నుంచి అటు చివరికి తిప్పినా చప్పుడు లేదు. బావగారు మాత్రం తల గోక్కున్నారు.

“రెండు కంట్రోళ్లకీ గుడి వాళ్ల దగ్గర డబ్బులు తీసేసుకున్నానోయ్.”