ఇంటి వెనక వాష్ ఏరియాలో కుండల పని: నా అనుభవం

మట్టి పని క్లాసులకు వెళ్లినవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఇంట్లోనే సారె (కుమ్మరి చక్రం) పెట్టుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది, పెట్టుకున్నాను. హైదరాబాద్‌లో మాది కింది పోర్షను. వంటింటి వెనక బట్టలుతుక్కునే చోటే ఇప్పుడు నా స్టూడియో. క్లాసుకి వెళ్లినన్నాళ్లూ మనకు కనపడని పని చాలా ఉంటుంది. మట్టి ఎవరో పిసికి సిద్ధంగా ఉంచుతారు, బురద నీళ్లు ఎటో పోతాయి, మనం చేసిన గిన్నె కొన్నాళ్లకు కాలి చేతికొస్తుంది. ఇంట్లో అవన్నీ మన నెత్తినే పడతాయి. సారె ముందు కూర్చునేది కాసేపే, మిగతాదంతా నీళ్లు, దుమ్ము, ఆరబెట్టడం. ఈ మూడింట్లోనూ ఆరబెట్టడమే అసలు విద్య అని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. మట్టి చేతులు సింకులో కడిగితే పైపు మూసుకుపోవడం ఖాయం. మట్టి అడుగున పేరుకుని రాయిలా గట్టిపడుతుంది, ప్లంబరు వచ్చి పైపు విప్పితే తప్ప వదలదు. నేను మూడు బకెట్లు పెట్టుకున్నాను. మొదటి దాంట్లో చేతులు, పనిముట్ల మీది మట్టంతా వదిలిస్తాను. రెండో దాంట్లో మరోసారి కడుగుతాను. మూడోది ఆఖరి కడుగుడుకి. రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి, పైన తేట నీళ్లు నిలుస్తాయి. ఆ తేట నీళ్లు మొక్కలకు పోస్తాను, అడుగున ఉన్న మట్టి మళ్లీ వాడకానికి వెళ్తుంది. గ్లేజు (పాత్ర మీద గాజులా మెరిసే పూత) పనిముట్లు కడిగిన నీళ్లకు మాత్రం బకెట్ వేరు. వాటిలో లోహాల పొడులు ఉంటాయి కాబట్టి మొక్కలకూ పొయ్యకూడదు, డ్రైనేజీలోనూ వదలకూడదు.

దుమ్ము విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మట్టిలో సిలికా ఉంటుంది. ఆ సన్నటి ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, ఒకసారి వచ్చాక దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఇది ఇంకా పెద్ద విషయం. అందుకే ఆ గదిలోకి చీపురు రానివ్వను. ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేచి గంటల తరబడి అక్కడే తిరుగుతుంది. నేల ఎప్పుడూ తడిగుడ్డతోనే తుడవాలి. ఆరిన పాత్రను గరుకు కాగితంతో రుద్దే బదులు, కాస్త తడిగా ఉన్నప్పుడే స్పాంజితో నున్నగా చేసుకోవాలి. పొడి గ్లేజు కలిపేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి. పని బట్టలు, చెప్పులు ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మా ఇంట్లో అందరికీ ఈ రూలు తెలుసు.

సారె గురించి రెండు మాటలు చాలు. నడుము నొప్పి రాకూడదంటే పీట ఎత్తు, సారె పళ్లెం ఎత్తు దాదాపు ఒకటిగా ఉండాలి. ఎదురుగా గోడకి ఒక అద్దం ఆనించండి. పాత్ర పక్క ఆకారం చూడ్డానికి అస్తమానూ వంగి తొంగి చూసే బాధ తప్పుతుంది. అసలు సారె లేకుండానే ఎన్నో చెయ్యొచ్చు. చపాతీ కర్ర, ఒకే మందం ఉన్న రెండు చెక్క బద్దలు, ఒక కాటన్ గుడ్డ ఉంటే పని మొదలుపెట్టేయొచ్చు. బద్దల మధ్య మట్టి పెట్టి వాటి మీదుగా కర్ర దొర్లిస్తే పలక ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా సమంగా వస్తుంది. పనిముట్లకు డబ్బులు తగలెయ్యకండి. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచులు గుండ్రంగా కత్తిరిస్తే గోడలు నున్నగా చేసుకోవడానికి అంతకంటే మంచిది దొరకదు. మట్టి కొయ్యడానికి గిటార్ తీగ, అంచు నున్నన చెయ్యడానికి పలచటి పాలిథీన్ ముక్క, గిన్నె అడుగున నిలిచిన నీళ్లు తియ్యడానికి పుల్లకు కట్టిన స్పాంజి. నా డబ్బాలో ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండవు.

ఇక ఆరబెట్టడం. మెత్తటి మట్టి బరువులో దాదాపు ఐదో వంతు నీళ్లే. ఆ నీళ్లు పోతున్నకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. పలచటి అంచు ముందు ఆరుతుంది, మందపాటి అడుగు ఇంకా తడిగానే ఉంటుంది. అంచు బిగుసుకుంటుంటే అడుగు దాంతో పాటు కదలలేదు, అక్కడే పగులు పుడుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఈ తేడా గంటల్లోనే బయటపడుతుంది. మే నెల మధ్యాహ్నం, గాలిలో తేమే లేనప్పుడు, పైన ఫ్యాన్ వేసి పాత్రను వదిలేస్తే సాయంత్రానికి అంచు తెల్లబడి, అడుగు మాత్రం ముదురు రంగులోనే ఉంటుంది. ఆ రెండు రంగులు కనిపిస్తే వెంటనే కవర్ కప్పేయాలి.

ఈ విషయం నాకు బాగా అర్థమైంది ఊరి బయట ఒక కుమ్మరి కుటుంబం పని చూశాకే. ఆ ఇంటి పెద్దాయన సారె మీద కుండ మెడ, అంచు తీర్చి, అడుగు మందంగానే వదిలేస్తాడు. కాస్త ఆరాక కుండను ఒళ్లో పెట్టుకుని, లోపల ఒక గుండ్రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో తట్టుకుంటూ తిప్పుతాడు. దెబ్బదెబ్బకీ అడుగు పలచబడుతుంది, దాంతో పాటే మట్టి గట్టిగా అదుముకుంటుంది. చూస్తుండగానే కుండ పొట్ట గుండ్రంగా సాగింది, చేతిలో లయ ఎక్కడా తప్పలేదు. కొట్టిన కుండలన్నీ చూరు కింద నీడలో వరసగా బోర్లించి ఉన్నాయి. ఎండలో పెడితే తొందరగా ఆరవా అని అడిగితే, "నీడకే ఆరాలె బిడ్డా. ఎండకు పెడితే పలుగుతది" అన్నాడు.

ఆ రెండు పనులూ నా స్టూడియోకి తెచ్చుకున్నాను. సారె మీద గిన్నె తీసేటప్పుడు అడుగును కార్డుతో మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి నాలుగైదు సార్లు గట్టిగా అదుముతాను. గిన్నెల అడుగున ఎస్ ఆకారంలో వచ్చే పగుళ్లు దీంతో చాలావరకు ఆగిపోతాయి. లోపల నీళ్లు నిలిచిపోకుండా స్పాంజితో తీసేస్తాను. పాత్రను పీల్చుకునే గుణం ఉన్న చెక్క మీద, మధ్యలో పాత న్యూస్‌పేపర్ వేసి పెడతాను. కాగితం ఉంటే అడుగు కుంచించుకుంటూ సులువుగా జరుగుతుంది, చెక్కకు అతుక్కుపోదు. అంచు చుట్టూ సన్నటి పాలిథీన్ పట్టీ వేసి, అడుగు కూడా అదే స్థాయికి వచ్చేదాకా ఉంచుతాను. లెదర్ హార్డ్ అయ్యాక, అంటే వేలితో నొక్కితే సొట్ట పడదు గానీ గోటితో గీస్తే గీత పడే దశలో, బోర్లిస్తాను. అక్కణ్నుంచి అడుగుకు కూడా గాలి తగులుతుంది.

కప్పులకు పిడులు పెట్టడం ఇంకో పరీక్ష. కప్పూ పిడీ రెండూ ఒకే తడిలో ఉండాలి. అతికే చోట రెండు వైపులా గరుకుగా గీసి, చిక్కటి స్లిప్ (నీళ్లతో కలిపిన మట్టి ముద్ద) రాసి, కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ నొక్కుతాను. ఆ తర్వాత కప్పుని రాత్రంతా మూత ఉన్న డబ్బాలో ఉంచుతాను. దీనికోసం పాత థర్మోకోల్ పెట్టె అడుగున అంగుళం మందం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిపడ్డాక దాని మీద నీళ్లు చిలకరించాను. మూత పెడితే లోపల తేమ రోజుల తరబడి నిలుస్తుంది. సన్నటి పిడి తొందరగా ఆరిపోకుండా కప్పు తడిని పంచుకుంటుంది. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలే మట్టి పట్టుకునేవాళ్లకి ఈ పెట్టె వరం. శనివారం తీసిన గిన్నె ఆ పక్క శనివారానికి కూడా అడుగు చెక్కడానికి వీలుగానే ఉంటుంది.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. పగుళ్లు తగ్గుతాయి గానీ పాత్రలు ఆరనే ఆరవు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. అది కనిపెట్టడానికి పాత్రను చెంపకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకా నీరు ఆవిరవుతోందన్నమాట, గది వేడికి సమానంగా ఉంటే ఆరినట్టు. చేతి కంటే చెంపకు ఈ తేడా బాగా తెలుస్తుంది. మట్టిలో గాలి బుడగ ఉంటే కిల్న్‌లో (పాత్రలు కాల్చే బట్టీలో) పేలుతుందని చాలామంది అంటారు. నిజానికి పేల్చేది ఆవిరి. మందపాటి చోట దాక్కున్న తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, బయటికి దారి దొరక్క పాత్రను పగలగొడుతుంది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు" అన్న సామెత ఎంత నిజమో పేలిన ముక్కలు పక్క పాత్రలకు తగిలినప్పుడు తెలుస్తుంది.

కొలతల దగ్గర కూడా ఆరుదల లెక్క తప్పదు. ప్రతి కొత్త మట్టితో ఒక చిన్న పలక చేసి, పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీస్తాను. ఆఖరి కాల్పు తర్వాత అది 8.8 వచ్చిందంటే ఆ మట్టి 12 శాతం తగ్గుతుందన్నమాట. అప్పుడు పూర్తయ్యాక 10 సెంటీమీటర్లు ఉండాల్సిన కప్పుని పచ్చిగా ఉన్నప్పుడు 11.4 దాకా లాగాలి. మూతలున్న పాత్రలు చేసేటప్పుడు మూత, పాత్ర ఒకే మట్టితో, ఒకే రోజు చేసి, మూత పెట్టే ఆరబెడతాను. రెండూ కలిసే తగ్గుతాయి, కలిసే అమరుతాయి.

మిగిలిన మట్టిని పారెయ్యడం నాకు ప్రాణం పోయినట్టు ఉంటుంది, పైగా అవసరం కూడా లేదు. చెక్కిన పొట్టు, నచ్చని గిన్నెలు అన్నీ ముందు పూర్తిగా ఎండబెట్టాలి. సగం తడి మట్టిని నీళ్లలో వేస్తే ముద్దగానే ఉండిపోతుంది. ఒట్టిగా ఎండిన మట్టయితే నీళ్లు తగలగానే బుసబుసమంటూ బుడగలు వదిలి, కాసేపటికే విచ్చిపోయి మెత్తటి బురదవుతుంది. దాన్ని జల్లెడ పట్టి, పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక చివర కట్టేసి అందులో పోసి, దండెం మీద వేలాడదీస్తాను. నీళ్లన్నీ కారి, కొన్నాళ్లకు పిసకడానికి వీలైన మట్టి తయారవుతుంది. ప్లాస్టర్ పలక మీద పోస్తే ఇంకా తొందరగా అవుతుంది. అయితే ప్లాస్టర్ పెచ్చు ఒక్కటి మట్టిలో కలిసినా, కాలాక తేమ పీల్చి ఉబ్బి, పాత్ర మీద పెచ్చు లేచిపోతుంది. చెరువు మట్టి వాడేవాళ్లకి సున్నపురాయి ముక్కలతోనూ ఇదే గొడవ. అందుకే జల్లెడ పట్టడం మానకూడదు. సంచిలో మట్టికి నల్లటి బూజు పడితే కంగారు పడక్కర్లేదు, నిలవ ఉన్న మట్టి ఇంకా బాగా సాగుతుంది.

కాల్చడానికి మొదట్లోనే కిల్న్ కొననక్కర్లేదు. చాలా స్టూడియోలు డబ్బు తీసుకుని బయటివాళ్ల పాత్రలు కాల్చి ఇస్తాయి. నేను చాలాకాలం అలాగే చేయించాను. పచ్చి పాత్ర ఆరాక చాలా పెళుసు, స్పీడ్ బ్రేకర్ కూడా ప్రమాదమే. ప్లాస్టిక్ టబ్బులో పాత దుప్పటి పరిచి, పాత్రకూ పాత్రకూ మధ్య గుడ్డ కుక్కి, ఎప్పుడూ అంచు పట్టుకోకుండా రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి పెట్టాలి.

తర్వాత చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ తీసుకున్నప్పుడు టెన్షనంతా కరెంటు గురించే. 3 కిలోవాట్ల కిల్న్ 230 వోల్టుల దగ్గర సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. లెక్కకు 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది గానీ, గీజరు పది నిమిషాలు పని చేస్తే ఇది ఎనిమిది, పది గంటలు పని చేస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత మీటరు దగ్గర నుంచి దీనికోసమే వేరే లైను, వేరే ఎంసీబీ, మంచి ఎర్తింగ్ వేయించాను. ఇంటికి శాంక్షన్ అయిన లోడు చాలదు కాబట్టి అది కూడా పెంచుకున్నాను. బిల్లు లెక్క తేలికే: ఎనిమిది గంటలూ ఆగకుండా మండితే 24 యూనిట్లు, అంతకు మించదు. గోడకు అడుగున్నర దూరంలో, గాలి ఆడే చోట, వాన జల్లు పడకుండా పెట్టాలి. కాలేటప్పుడు మట్టిలోంచి పొగ, వాసన వస్తాయి, అందుకే పడక గది పక్కన వద్దు.

తొలి కాల్పులో, అంటే గ్లేజు పూయక ముందు కాల్చేటప్పుడు, నేను ఆచరించేది ఒక్కటే, తొందరపడకపోవడం. రాత్రంతా 90 డిగ్రీల దగ్గర ఉంచి మిగిలిన తడి పోనిస్తాను. అక్కణ్నుంచి 600 దాకా నెమ్మదిగా పోతాను. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే డిగ్రీ దగ్గర మళ్లీ సంకోచిస్తుంది, రెండు దారుల్లోనూ జాగ్రత్త కావాలి. దాటాక 1000 దాకా ఫర్వాలేదు. కిల్న్ మీటరు చూపించే అంకెతో పాటు లోపల కోన్ (వేడికి మెత్తబడి వంగే చిన్న శంఖువు) కూడా పెడతాను. మీటరు ఆ క్షణపు వేడినే చెప్తుంది. కోన్ ఎంత వేడి ఎంతసేపు తగిలిందో వంగి చూపిస్తుంది. 100 కిందికి దిగేదాకా మూత తెరవను. తీసిన ప్రతి పాత్రనూ గోటితో కొట్టి చూస్తాను, సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు చూసినట్టే. ఖంగుమంటే బాగుంది, బద్దగా మోగితే ఎక్కడో పగులుంది. అలాంటి దానికి గ్లేజు పులమడం దండగ.

గ్లేజు దగ్గర నా జాగ్రత్తలు తక్కువే. పూసే ముందు పాత్రను తడి స్పాంజితో తుడుస్తాను, దుమ్ముంటే గ్లేజు అక్కడ ముడుచుకుపోతుంది. అడుగు నుంచి మూడు, నాలుగు మిల్లీమీటర్ల మేర కరిగించిన మైనం రాసి వదిలేస్తాను, లేకపోతే గ్లేజు కరిగి కారి, పాత్ర కిల్న్ షెల్ఫుకు అతుక్కుపోతుంది. షెల్ఫుకి కూడా అల్యూమినా పొడి, కెయొలిన్ అనే తెల్ల మట్టి కలిపిన పూత ఉండాలి. కలపడానికి బోరు నీళ్లు వాడను, వాటిలో లవణాలు ఎక్కువ. కొత్త గ్లేజును ముందు చిన్న పలక మీద, అదీ నిలువుగా నిలబెట్టి, కాల్చి చూస్తాను. ఎంత కారుతుందో పడుకోబెట్టిన పలక చెప్పదు.

భోజనానికి, టీకి వాడే పాత్రలకు ఆఖరి పరీక్ష ఒకటుంది. స్టోన్‌వేర్ మట్టిని (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే రకం) 1220 డిగ్రీల దాకా కాల్చాక, గ్లేజు లేని ముక్కను వంటింటి త్రాసు మీద తూచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూస్తాను. 100 గ్రాముల ముక్క 102 లోపు ఉంటే ఆ మట్టి టీ కప్పులకు పనికొస్తుంది. పూల వేజులనైతే నిండా నీళ్లు పోసి తెల్ల కాగితం మీద ఒక రాత్రి ఉంచుతాను. కాగితం మీద తడి వలయం కనిపిస్తే దాన్ని పెన్నుల స్టాండుగా వాడుకుంటాను, ఎవరికీ వేజుగా ఇవ్వను.