రుమాలు

ఆదివారం రాత్రి

పెద్దక్కయ్య మనవడి అన్నప్రాశనకు ఒంగోలు వెళ్లాలని నేనూ మా మేనల్లుడూ కావలి స్టేషన్‌లో పాసింజరు కోసం గంటన్నర కూర్చున్నాం. అమెరికా నుంచి వచ్చి పది రోజులే అయింది కాబట్టి వాడికి ఎండా, ఈగలూ, ఆలస్యమూ అన్నీ వింతగానే ఉన్నాయి. బల్ల మీద రుమాలు పరుచుకుని కూర్చుంటూ, "అందుకే మనది మూడో ప్రపంచం అంటారు మామయ్యా" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకుంటుందా?

ఆ మాట పుట్టింది 1952 ఆగస్టులో, ఆల్‌ఫ్రెడ్ సోవీ అనే ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త ఒక పత్రికకు రాసిన వ్యాసంలో. విప్లవానికి ముందు ఫ్రాన్సులో మతాధికారులు ఒక వర్గం, ప్రభువులు ఒక వర్గం, తక్కిన జనమంతా మూడో వర్గం. పన్నుల బరువు మూడో వర్గానిది, పెత్తనం పై ఇద్దరిది. అమెరికా కూటమి, సోవియట్ కూటమి కొట్లాటలో ఎవరికీ పట్టని దేశాలను చూస్తే సోవీకి ఆ జనమే గుర్తొచ్చారు. వాళ్లలాగే వీళ్లూ ఏదో ఒకటి కావాలనుకుంటున్నారు అని వ్యాసం ముగించాడు. నాకైతే అందులో జాలికన్నా హెచ్చరికే ఎక్కువ వినిపిస్తుంది. మూడో వర్గం 1789లో ఏం చేసిందో ఫ్రెంచివాళ్లకు వేరే చెప్పాలా!

మనకేమో మూడు అనగానే రైల్లో మూడో తరగతి మెదులుతుంది. 1974లో ఆ తరగతిని ఎత్తేసి రెండో తరగతి అన్నారు. పిల్లవాణ్ణి కదా, మెత్తటి సీట్లు వస్తాయని ఆశపడ్డాను. అవే చెక్కబల్లలు. ఆ ఏడాదే మావో కూడా ప్రపంచాలను తిరగరాశాడు: అమెరికా, రష్యా రెండూ మొదటిదట, ఐరోపా, జపాన్ రెండోదట, చైనా మనతోపాటు మూడోదట.

"మరి స్విట్జర్లాండ్?" అన్నాడు వాడు.

"ఏ కూటమిలోనూ చేరలేదుగా. మావోది కాదు, సోవీ నాటి కూటముల లెక్క గట్టిగా పట్టుకుంటే అదీ మూడోదే కావాలి."

నమ్మలేదు. ఫోనులో వెతకబోతుంటే రైలొచ్చింది. తోసుకుంటూ ఎక్కాం.

ఉలవపాడులో మామిడిపళ్ల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కితే జరిగి చోటిచ్చాం. చెమట తుడుచుకోవడానికి వాడు జేబులు తడుముకున్నాడు. రుమాలు కావలి బల్ల మీదే ఉండిపోయింది. నా కండువా ఇచ్చాను.