రాత్రంతా వెలిగే ఆఫీసు కంప్యూటర్లు: నా అనుభవం

విశ్వవిద్యాలయ సిబ్బంది రాత్రిపూట కంప్యూటర్లు ఆపేలా చేయాలని మొదట పోస్టర్లు అంటించాం, మెయిళ్లు పంపాం. వారం తిరక్కుండానే మళ్లీ మామూలే. అప్పుడు ప్లగ్గుకి వాట్ మీటర్ తగిలించి చూశాం. ఊరికే వెలుగుతున్న డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 60 వాట్లు, స్లీప్‌లో ఉంటే రెండు మూడు. సాయంత్రం అయిదు నుంచి పొద్దున తొమ్మిది దాకా 16 గంటలు, అంటే రాత్రికి దాదాపు ఒక యూనిట్. స్క్రీన్‌సేవర్ పెట్టినా కరెంటు ఏమీ తగ్గదు.

చాలా సీపీయూల మీద ‘ఆపవద్దు’ అని చీటీ ఉండేది. కారణం బద్ధకం కాదు. ఇంటి నుంచి రిమోట్‌గా లాగిన్ అవ్వాలంటే అది ఆన్‌లో ఉండాలి మరి! ఆ అవసరం తీర్చకుండా ఎంత చెప్పినా వినరు, వినకపోవడం సబబే.

అందుకే ముందు వేక్ ఆన్ లాన్, అంటే నిద్రలో ఉన్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్ ద్వారా లేపే సదుపాయం, సరిచేశాం. బయాస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్), విండోస్‌లో నెట్‌వర్క్ కార్డు పవర్ సెట్టింగుల్లోనూ రెండు చోట్లా ఆన్ చేయాలి. బయాస్‌లో డీప్ స్లీప్ అనే కరెంటు పొదుపు సెట్టింగు ఆన్‌లో ఉంటే కార్డుకి కరెంటే అందదు, మెషీన్ లేవదు. మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. పైగా మెషీన్‌ని లేపే నెట్‌వర్క్ సందేశం (ప్యాకెట్) మామూలుగా రౌటర్ దాటదు, కాబట్టి ప్రతి సబ్‌నెట్‌లో, అంటే రౌటర్లతో విడదీసిన ఒక్కో నెట్‌వర్క్ భాగంలో, ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న మెషీన్ చేత పంపించాం. సిబ్బంది ఒక పేజీలో తమ కంప్యూటర్ పేరు నొక్కితే చాలు.

ఆ తర్వాతే గ్రూప్ పాలసీ, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకే చోటి నుంచి పెట్టే సెట్టింగులు: వాడకపోతే పది నిమిషాలకు మానిటర్ ఆరిపోవాలి, అరగంటకు కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లాలి. ప్రయోగాలు నడిచే ల్యాబ్ మెషీన్లకు మినహాయింపు ఇచ్చాం, గడువు తేదీ వేసి మరీ. గడువు లేకపోతే అది శాశ్వతమైపోతుంది. అయినా నిద్రపోని వాటిలో అడ్మిన్‌గా ‘powercfg /requests’ కమాండ్ నడిపితే అడ్డుపడుతున్న ప్రోగ్రామ్ పేరు కనిపిస్తుంది. చాలాసార్లు మూయకుండా వదిలేసిన వీడియో ట్యాబే.

ప్రింటర్లలో రెండు వైపులా ముద్రణే డిఫాల్ట్ చేసి, ఒకవైపే కావలసిన ఫారాలకు ప్రింటర్ల జాబితాలో వేరే ఎంపిక (క్యూ) ఇచ్చాం.

ఇక ల్యాప్‌టాప్. దాని జీవితకాలపు కర్బన భారంలో పెద్ద వాటా తయారీలోనే ఉంటుంది. నెమ్మదించిందని అడిగినవాళ్లకు కొత్తది కొనకుండా హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే అదనపు ర్యామ్ వేసి ఇచ్చాం. ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచేవాళ్లకు ఛార్జింగ్ పరిమితి 80 శాతానికి పెట్టాం, బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది.