గసగసాల గింజంత పిడుదు

సెలవు మీద విశాఖపట్నం వచ్చి, పెదవాల్తేరులో మా ఇంటి అరుగు మీద కూర్చున్నా, అమెరికాలోని కనెక్టికట్‌లో నేను పనిచేసే పశువైద్యశాలలో పడ్డ మాట నన్ను వదలడం లేదు. తన కుక్కకు, పిడుదు కాటుతో సోకే లైమ్ జబ్బు రాకుండా వేసే టీకా రెండో మోతాదు తప్పిపోయిందని దిగులుపడుతున్న ఒక పెద్దాయనతో, "పరవాలేదండీ, రోజూ తడిమి చూసి పిడుదులు ఏరేయండి, మా ఇంట్లో అలాగే చేసేవాళ్ళం" అన్నాను. డాక్టరు గారు విన్నారు. "మీ ఊళ్ళో నిర్లక్ష్యం చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు" అని అందరి ముందూ అన్నారు.

టీకా విషయంలో తప్పు నాదే. మొదటి మోతాదు తరువాత రెండు నుంచి నాలుగు వారాల్లో రెండోది పడాలి, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. అక్కడి జింక పిడుదు పిల్లగా ఉన్నప్పుడు గసగసాల గింజంతే ఉంటుంది, బొచ్చులో ఎంత ఆరితేరిన వేళ్ళకైనా అందదు. టీకాతో కుక్క రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలు, పిడుదు ఆ రక్తం తాగగానే దాని కడుపులోకి చేరి, అక్కడున్న, లైమ్ తెచ్చే బొర్రేలియా క్రిములను కుక్క దాకా రాకముందే చంపుతాయి. ఇది తెలిసిన నాటి నుంచి ఆ సీసాను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

కానీ "నిర్లక్ష్యం" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోతోంది. పిడుదును 24 గంటల్లోపు తీసేస్తే లైమ్ సోకే అవకాశం బాగా తగ్గుతుందని ఆ వైద్యశాలలో మేమే అందరికీ చెబుతాం. ఎవరూ చెప్పకుండానే మా అమ్మ ప్రతి సాయంత్రం మా కుక్క మోతీ చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో వెతికి, ఏరినవాటిని కిరసనాయిలు డబ్బాలో వేసేది. అయినా ఎర్లికియా జ్వరం తగిలి, ముక్కు వెంట రక్తం కారి మోతీ పోయింది. ఇక్కడి గోధుమరంగు పిడుదు మోసుకొచ్చే ఆ జ్వరానికి కుక్కలకు వేసే టీకా ఇంతవరకూ లేదు. లేని టీకా వేయించలేదని మమ్మల్ని నిర్లక్ష్యపు మనుషులనడం న్యాయం కాదని ఆ రోజే చెప్పవలసింది, నోరు రాలేదు.

నిన్న ఇదంతా విని అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ మందేదో మన కుక్కకీ పట్టుకురాలేకపోయావా?" ఇక్కడి జ్వరానికి అది పనిచేయదని చెప్పాను. సరేనని, కొత్త కుక్కపిల్లను ఒళ్ళోకి లాక్కుని, దాని చెవి మడత విప్పి వెలుగుకేసి పట్టింది.