పంటు ఒరిగిపోతోంది

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు క్రికెట్ క్యాంపు ముగించుకుని కాకినాడ నుంచి వచ్చాడు. పద్నాలుగేళ్లు వాడికి. ఫాస్ట్ బౌలర్‌నని వాడి నమ్మకం. కిట్టు బ్యాగు అరుగు మీద పడేసి, పునుగుల పొట్లం విప్పుకుంటూ, "పెదనాన్నా, నాకు క్యాంపులో పేరు పెట్టారు. వైడు" అన్నాడు. వైడంటే బ్యాటుకి అందకుండా పక్కకి పోయే బంతి. మొహంలో బాధ లేదు, కప్పు గెలిచినట్టు చెప్పాడు. పేరు పడిందంటే టీమ్‌లో కలిసిపోయినట్టేనట.

నవ్వాను. రామచంద్రపురంలో పుట్టి పెరిగినవాడికి, ఎవరికైనా పేరు పెడితే నవ్వు దానంతటదే వస్తుంది. కానీ ఆ రాత్రి ఇంకో పేరు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలీదు. దాని మీద జోకు కట్టింది మాత్రం నేనే.

1997 సంగతి. జిల్లా జట్టుకు ఆడానని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆడింది నాలుగు మ్యాచ్‌లు. మిగతా అన్నిటికీ నీళ్లు మోశాను. మా డ్రెస్సింగ్ రూమ్ అంటే రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, మూడు బల్లలు. ఆ ఫ్యాను కింద బల్ల ఎవరిదో ఎక్కడా రాసి లేదు గానీ, కొత్తగా వచ్చినవాడికి కూడా పది నిమిషాల్లో తెలిసిపోయేది. కాకినాడ బ్యాచ్, రాజమండ్రి బ్యాచ్ అని రెండు ఉండేవి. వాళ్లలో వాళ్లకి పడదు. మాలాంటి చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లని ఏడిపించే దగ్గర మాత్రం ఒక్కటైపోయేవాళ్లు. నెట్స్‌లో సీనియర్లకి మధ్యాహ్నమే బ్యాటింగ్. మేం సాయంత్రం దాకా బంతులేసి, వెలుతురు పోయాక ప్యాడ్లు కట్టుకునేవాళ్లం. బంతి కనబడేది కాదు, శబ్దాన్ని బట్టి ఆడేవాళ్లం. చివర్లో పిచ్ మీద పరిచిన మేటింగ్ మేకులు పీకి, చాప చుట్టి లోపల పెట్టేది కూడా మేమే. భోజనాల దగ్గర ముక్కలు వాళ్లకి, పులుసు మాకు.

దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు. వచ్చే ఏడు మనమే సీనియర్లం కదా అనుకునేవాళ్లం.

అదే ఏడు ఒక కుర్రాడు వచ్చాడు. కోనసీమ కుర్రాడు, ఎడమచేతి స్పిన్నర్. మేటింగ్ మీద వాడి బంతి తిరిగితే కీపర్ కూడా పట్టలేకపోయేవాడు. అప్పటికి ఎదుర్లంకకీ యానాంకీ మధ్య వంతెన లేదు. ఇప్పుడు బాలయోగి గారి పేరుతో ఉన్న వంతెన తర్వాత పడింది. అప్పట్లో అటువైపు వాళ్లు ఇలా కాకినాడ రావాలంటే ఎదుర్లంక రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ ఎక్కి, గోదావరి దాటి, యానాంలో బస్సు పట్టుకోవాలి. పంటు మన టైముకి కదలదు, మోటారు సైకిళ్లూ మనుషులూ నిండాక కదులుతుంది. అందుకని వాడు రోజూ ఆలస్యం. వారం తిరక్కుండా "పంటు" అయిపోయాడు. షెడ్డులోకి అడుగు పెట్టగానే అందరూ చేతులు చాపి "టికెట్టు, టికెట్టు" అనేవాళ్లు. స్కోరు రాసేవాడు కూడా సరదా మనిషే. స్కోరు బుక్కులో బౌలింగ్ పక్కన "పంటు" అనే రాసేవాడు.

విజయనగరంలో మ్యాచ్‌కి మినీ బస్సులో వెళ్లాం. వాడెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. నాకేమనిపించిందో, లేచి నిలబడి రేవు వాళ్ల గొంతుతో, "ఒరేయ్, పంటు ఒరిగిపోతోంది, అందరూ ఇటు రండ్రా" అన్నాను. బస్సు బస్సంతా లేచి కుడివైపుకి వచ్చేసింది. ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురు కూర్చున్నారు. ఎడమవైపు మొత్తం ఖాళీ, వాడొక్కడు. తుని దాటేదాకా నవ్వులే. వాడూ నవ్వాడు. అది బాగా గుర్తుంది, ఎందుకంటే వాడు నవ్వుతున్నాడు కదా అని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

ఆ రాత్రి బసలో ఒక సీనియర్ నన్ను పిలిచి ఫ్యాను కింద పడుకోమన్నాడు. మర్నాడు భోజనంలో నా విస్తట్లో చికెన్ ముక్క పడింది. అబద్ధం ఎందుకు, చాలా రుచిగా ఉంది.

ఆ జోకు సీజన్ పొడుగునా నడిచింది. వాడు ఏ బల్ల మీద కూర్చున్నా మిగతా వాళ్లు లేచిపోయేవాళ్లు. మరుసటి ఏడు వాడు రాలేదు. పాపం ప్రయాణం కష్టం కదా, రేవు దాటి రావాలి అనుకున్నాం. నిజంగా అలాగే అనుకున్నాం.

2020లో దక్షిణాఫ్రికా బౌలర్ మఖాయా ఎన్తిని ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాటలు చదివినప్పుడు చేతిలో ఉన్న ఫోన్ పక్కన పెట్టేశాను. 101 టెస్టులు, 390 వికెట్లు తీసిన మనిషి. తను బస్సులో వెనక కూర్చుంటే మిగతా వాళ్లు వెళ్లి ముందు కూర్చునేవాళ్లట. రాత్రి భోజనానికి తన గది తలుపు తట్టి పిలిచేవాళ్లు లేరట. అందుకని బ్యాగు డ్రైవర్ చేతికిచ్చి, హోటల్ నుంచి గ్రౌండ్‌కి పరిగెత్తుకుంటూ వెళ్లేవాడట. చూసేవాళ్లు ఫిట్‌నెస్ కోసం అనుకున్నారు. అక్కడ రంగు, జాతి, పెద్ద చరిత్ర. మా మినీ బస్సుకీ దానికీ పోలిక పెట్టను. కానీ ఖాళీ సీట్ల పక్కన కూర్చున్న మనిషి ఎలా ఉంటాడో నేను చూశాను. చూడటమేమిటి, ఆ సీట్లు ఖాళీ చేయించిందే నేను.

గోదావరి వాళ్లకి ఎటకారం అంటే ప్రాణం. దాన్ని మేం తప్పు కింద లెక్కేయం, తెలివి కింద లెక్కేస్తాం. ఎవరైనా నొచ్చుకుంటే "ఏవండీ, ఊరికే సరదాకన్నాం" అంటాం, దాంతో తప్పు నొచ్చుకున్నవాడిదవుతుంది. ఇది మన దగ్గరే ఉందనుకునేవాణ్ణి. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ కౌంటీకి ఆడిన అజీమ్ రఫీక్ తనను జాతి పేరుతో తిట్టేవాళ్లని బయటపెట్టాడు. క్లబ్బు వేయించిన విచారణ దాన్ని స్నేహితుల మధ్య సరదా మాట కింద జమ కట్టిందని బయటికొచ్చింది. అచ్చం మన "ఊరికే సరదాకన్నాం". 2021 నవంబర్‌లో రఫీక్ అక్కడి పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పాకే అందరికీ చెవికెక్కింది. మన టెస్టు బ్యాట్స్‌మన్ పుజారా ఆ కౌంటీకి ఆడినప్పుడు పేరు పలకలేక "స్టీవ్" అని పిలిచేవాళ్లన్న సంగతీ ఆ గొడవలోనే చర్చకొచ్చింది. 2023లో యార్క్‌షైర్‌కి 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. అందులో 3 లక్షలు కట్టనక్కర్లేకుండా ఆపి ఉంచారు. కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో 48 పాయింట్లు కోశారు. పుజారా లాంటివాడే స్టీవ్ అయ్యాడంటే, మా వాడు పంటు అవడం ఏం వింత.

విజయనగరం పేరొచ్చింది కాబట్టి ఇంకోటి. 1936లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్తే కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనే ఆయన. మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు. ఆ జట్టులోనే తెలుగు కుటుంబం నుంచి వచ్చిన సి.కె. నాయుడు ఉన్నాడు, ఆటలో ఆయన ముందు విజ్జీ ఏ మూలకీ చాలడు. జట్టు రెండు ముక్కలు. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. బాకా జిలానీ అనే ఆటగాడు టిఫిన్ బల్ల దగ్గర నాయుణ్ణి అందరి ముందూ అవమానించాడనీ, అందుకు బహుమతిగానే ఓవల్‌లో టెస్టు ఆడే అవకాశం వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆయన ఆడిన టెస్టు అదొక్కటే. ఇది చదివితే అందరూ విజ్జీని తిడతారు. నాకు జిలానీ గుర్తుంటాడు. ఆయనకు టెస్టు, నాకు చికెన్ ముక్క.

బాధపడినవాళ్లు కూడా తరచు నవ్వుతూనే చెబుతారు, అదీ గమనించాను. 2013లో బెంగళూరు హోటల్లో తాగి ఉన్న తోటి ఆటగాడు ఒకడు తనను 15వ అంతస్తు బాల్కనీ బయటికి వేలాడదీశాడని మన స్పిన్నర్ చాహల్ చెప్పింది 2022లో. తొమ్మిదేళ్లు పట్టింది. పేరు అప్పుడు కూడా చెప్పలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో పేర్లు పెట్టడానికి ఉన్న ధైర్యం పేర్లు చెప్పడానికి ఉండదు.

2024లో, భారత్‌కి టెస్టులాడిన ఆంధ్ర బ్యాట్స్‌మన్ హనుమ విహారి గొడవప్పుడు మా టీ కొట్టు దగ్గర రెండు రోజులు ఇదే చర్చ. విహారి కాకినాడలో పుట్టినవాడు, మాకు సొంత మనిషి లెక్క. సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడ్డవాడు, ఇండోర్‌లో చెయ్యి విరిగితే ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడి ఆడినవాడు. బెంగాల్‌తో రంజీ మ్యాచ్‌లో జట్టులోని 17వ ఆటగాడి మీద అరిచినందుకు, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో, తనను ఆంధ్ర జట్టు కెప్టెన్సీ నుంచి తప్పుకోమన్నారని విహారి రాశాడు. ఆ కుర్రాడు అది నిజం కాదని తన మాట చెప్పాడు. ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ తన మాట చెప్పింది. తోటి ఆటగాళ్లు విహారి వైపు సంతకాలు పెట్టారు. కొట్టు దగ్గర అందరం విహారి పక్షమే, నేనూ అంతే. పరుగులతో వచ్చిన పెద్దరికాన్ని తండ్రి పేరుతో వచ్చిన పెద్దరికం పక్కకు నెట్టిందని విహారి చెబుతుంటే ఎవరికి మండదు? కాకపోతే "అరవడం ఎప్పుడూ ఉండేదే" అని అందరూ అంత తేలిగ్గా అనేస్తుంటే నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. తండ్రి ఎవరూ కాని 17వ వాడి మీద అరిస్తే ఆ వార్త టీ కొట్టు దాకా వచ్చేదే కాదు.

నాలుగేళ్ల కిందట యానాంలో గోదావరి గట్టు మీద మా పంటు కనబడ్డాడు. రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాడట. కొంచెం లావయ్యాడు. దూరం నుంచే గుర్తుపట్టి, ప్రేమతోనే, నిండా ప్రేమతోనే, "ఒరేయ్ పంటూ!" అని కేకేశాను. వాడి పక్కన కొడుకున్నాడు, పదేళ్లుంటాయి. "పంటు అంటే ఏంటి నాన్నా?" అన్నాడు.

"ఏం లేదురా, చిన్నప్పుడు పంటు మీద వచ్చేవాణ్ణి" అన్నాడు వాడు. నవ్వాడు. అదే నవ్వు, మినీ బస్సులో నవ్విందే. తర్వాత రొయ్యల కౌంటు గురించీ రేటు గురించీ మాట్లాడుకున్నాం, నంబర్లు తీసుకున్నాం.

ఇది రాయడానికి కూర్చునే ముందు వాడికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో "పంటు యానాం" అని ఉంది. ముందు అది మార్చి, అసలు పేరు పెట్టి, అప్పుడు చేద్దామనుకున్నాను. పేరు గుర్తుంది. ఇంటిపేరు ఎంత తన్నుకున్నా రాలేదు. స్కోరు బుక్కులో కూడా లేదు కదా.